షరతులతో చీలే వర్క్‌ఫ్లోను అవసరం పడకముందే పరీక్షించడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఆరుగురం పనిచేసే చిన్న బృందం. మా వెబ్ అప్లికేషన్‌ను గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ పంపగానే రాసిపెట్టిన పనులను తనంతట తాను నడిపే సేవ) ద్వారా విడుదల చేస్తున్నాము. ఆ పనుల క్రమాన్ని రాసిన వర్క్‌ఫ్లోలో అయిదు జాబ్‌లు, అంటే విడివిడి పనులు, ఉన్నాయి. మొదటిదైన ‘మార్పులు’, ఈసారి పుష్‌లో (పంపిన కోడ్‌లో) డేటాబేస్ మైగ్రేషన్ ఫైళ్లు, అంటే డేటాబేస్ నిర్మాణాన్ని మార్చేవి, మారాయో లేదో చూసి చెబుతుంది. మారితేనే రెండవదైన ‘మైగ్రేషన్’ నడవాలి. దాని తరువాత కొత్త వెర్షన్‌ను సర్వర్లలో పెట్టే ‘డిప్లాయ్’, ఆపైన అది సరిగ్గా లేచిందో లేదో చూసే ‘హెల్త్ చెక్’, అది ఫెయిలైతే పాత వెర్షన్‌ను వెనక్కి తెచ్చే ‘రోల్‌బ్యాక్’.

మొదట్లో మైగ్రేషన్ లేని రోజుల్లో డిప్లాయ్ కూడా స్కిప్ అయ్యేది. అప్పుడు డిప్లాయ్ జాబ్ షరతులో, ముందువాటి ఫలితం ఏదైనా నడవమనే ‘ఆల్వేస్’ ఫంక్షన్ పెట్టాము. డిప్లాయ్ నడవడం మొదలైంది కనుక సమస్య తీరిందనుకొని, ఆ ఫైలును మళ్లీ ఎవరమూ తెరవలేదు.

గత వారం ఒక రాత్రి పదకొండు దాటాక చిన్న మార్పు ఒకటి విడుదల చేశాము. అందులో మైగ్రేషన్ లేదు. కాన్ఫిగరేషన్‌లో ఒక పేరు తప్పుగా పడడంతో కొత్త వెర్షన్ లేవలేదు. రోల్‌బ్యాక్ తనంతట తాను జరుగుతుందన్న ధీమాతో ఎదురుచూశాము, జరగలేదు. యాక్షన్స్ పేజీ తెరిస్తే రన్ మొత్తానికి ఆకుపచ్చ టిక్కు ఉంది. డిప్లాయ్ సక్సెస్. దాని కింద హెల్త్ చెక్, రోల్‌బ్యాక్ రెండూ బూడిద రంగులో స్కిప్ అయినట్టు ఉన్నాయి. చివరకు పాత వెర్షన్‌ను చేత్తో వెనక్కి పెట్టేసరికి నలభై నిమిషాలు గడిచాయి.

రోల్‌బ్యాక్ జాబ్‌లో మేము రాసిన షరతు ఒక్కటే: హెల్త్ చెక్ ఫలితం ‘ఫెయిల్యూర్’కు సమానమైతే నడవాలి. చదివితే అందులో తప్పేమీ కనిపించడం లేదు. హెల్త్ చెక్ ఎందుకు స్కిప్ అయిందో వివరించగలరా? అంతకంటే నన్ను ఎక్కువగా బాధిస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. అప్లికేషన్ కోడ్‌లో చిన్న ‘ఇఫ్’కు కూడా టెస్ట్ రాసే మేము, విడుదల భారమంతా మోసే ఈ షరతులకు ఒక్క టెస్ట్ కూడా రాయలేదు. వీటిని నిజమైన ప్రమాదం వచ్చేదాకా ఆగకుండా పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?

మొదటి జవాబు

మీ వర్క్‌ఫ్లోలో రెండు వేరువేరు దోషాలు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉన్నాయి. ఆ రాత్రి మొదటిది మాత్రమే బయటపడింది.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో జాబ్ షరతులో స్థితిని అడిగే ఫంక్షన్ (సక్సెస్, ఫెయిల్యూర్, ఆల్వేస్, క్యాన్సిల్డ్) ఏదీ లేకపోతే, మీరు రాసినదానికి ముందు ‘సక్సెస్’ అనే షరతు దానంతట అదే చేరుతుంది. ఆ ‘సక్సెస్’ వెంటనే ముందున్న జాబ్‌ను మాత్రమే కాక, గొలుసులో పైనున్న జాబ్‌లన్నింటినీ చూస్తుంది. పైన ఎక్కడ ఫెయిలైనా, స్కిప్ అయినా కింద ఉన్నవన్నీ స్కిప్ అవుతాయి. మీరు డిప్లాయ్‌కు ఆల్వేస్ పెట్టడంతో ఆ ఒక్క జాబ్ మాత్రం గొలుసు దాటుకొని నడిచింది. హెల్త్ చెక్‌కు మీరు షరతేమీ రాయలేదు కనుక, దాని తాతగారైన మైగ్రేషన్ స్కిప్ అయిందన్న కారణంతో, తన ముందున్న డిప్లాయ్ సక్సెస్ అయినా అది స్కిప్ అయింది. అంటే మైగ్రేషన్ లేని ప్రతి విడుదలలోనూ ఇన్నాళ్లూ మీ హెల్త్ చెక్ నడవనేలేదు. పాత రన్‌లు తెరిచి చూస్తే మీకే తెలుస్తుంది.

రెండవది రోల్‌బ్యాక్ షరతు. ‘హెల్త్ చెక్ ఫెయిలైతే’ అని మీరు రాశారు, వ్యవస్థ దాన్ని ‘పైవన్నీ సక్సెస్ అయి, హెల్త్ చెక్ ఫెయిలైతే’ అని చదివింది. ఆ రెండూ ఒకేసారి నిజం కావడం అసాధ్యం. ఆ రాత్రి హెల్త్ చెక్ నడిచి ఎర్రబడి ఉన్నా మీ రోల్‌బ్యాక్ కదిలేది కాదు.

సరిదిద్దడానికి ఆల్వేస్ వాడకండి. ఎవరైనా రన్‌ను మధ్యలో క్యాన్సిల్ చేసినా ఆల్వేస్ ఉన్న జాబ్ నడుస్తుంది. పైగా మైగ్రేషన్ ఫెయిలైనా మీ డిప్లాయ్ ఆగదు, అది మరీ ప్రమాదకరం. ఇలా రాయండి. డిప్లాయ్: రన్ క్యాన్సిల్ కాలేదు, మైగ్రేషన్ ఫలితం సక్సెస్ గానీ స్కిప్డ్ గానీ అయింది. హెల్త్ చెక్: క్యాన్సిల్ కాలేదు, డిప్లాయ్ సక్సెస్ అయింది. రోల్‌బ్యాక్: క్యాన్సిల్ కాలేదు, డిప్లాయ్ ఫెయిలైంది లేదా హెల్త్ చెక్ ఫెయిలైంది. ‘నీడ్స్’లో (ఒక జాబ్ ఏ జాబ్‌ల తరువాత నడవాలో రాసే జాబితాలో) నేరుగా పేరు రాసిన జాబ్‌ల ఫలితాలే షరతులో అందుతాయి కాబట్టి, రోల్‌బ్యాక్ నీడ్స్‌లో ఆ రెండు పేర్లూ ఉండాలి. ‘క్యాన్సిల్ కాలేదు’ అనడానికి ముందు ఆశ్చర్యార్థకం వస్తుంది, వర్క్‌ఫ్లో ఫైలు రాసే యామల్ ఫార్మాట్‌లో ఆ గుర్తుతో మొదలైన విలువకు వేరే అర్థం ఉంది. అందువల్ల దాన్ని డాలర్ గుర్తు, జంట కర్లీ బ్రాకెట్ల మధ్య పెట్టాలి.

రెండవ జవాబు

పై వివరణ సరైనదే. పరీక్షించడం గురించి నేను చెబుతాను.

మీ షరతుల్లో రెండు రకాలు కలగలిసి ఉన్నాయి. ‘మైగ్రేషన్ కావాలా’ అన్నది నిర్ణయం. ‘ఫలానా జాబ్ ఇలా ముగిస్తే ఫలానాది నడవాలి’ అన్నది జాబ్‌ల మధ్య కట్టిన తీగ. నిర్ణయాన్ని యామల్‌లో నుంచి బయటకు తీసి చిన్న పైథాన్ ఫంక్షన్‌గా పెట్టండి. పాత కమిట్ (కోడ్ భద్రపరిచిన ఒక దశ), కొత్త కమిట్, మారిన ఫైళ్ల జాబితా ఇస్తే ‘ట్రూ’ లేదా ‘ఫాల్స్’ తిరిగి ఇవ్వాలి, అంతే. అప్పుడు దాన్ని పైటెస్ట్ అనే పైథాన్ టెస్టింగ్ టూల్‌తో మీ డెస్క్ మీదే సెకన్లలో పరీక్షించవచ్చు. యామల్‌లో మిగిలేది ఒక్క పోలిక మాత్రమే.

ఆ ఫంక్షన్‌కు ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలన్న దగ్గరే అసలు శ్రమ ఉంది. మైగ్రేషన్ ఫైలు ఉంది, లేదు అన్న రెండు టెస్టులతో ఆపేయకండి. కొత్త బ్రాంచ్‌ను మొదటిసారి పుష్ చేసినప్పుడు పుష్‌కు ముందున్న కమిట్‌ను చెప్పే ‘బిఫోర్’ అనే విలువలో కమిట్ ఉండదు, నలభై సున్నాలు ఉంటాయి. వాటితో డిఫ్ (రెండు కమిట్‌ల మధ్య తేడా) అడిగితే గిట్ ఎర్రర్ ఇస్తుంది. పాత చరిత్రను మార్చి రాసే ఫోర్స్ పుష్ చేసినప్పుడు ‘బిఫోర్’లో ఉన్న కమిట్ మీ క్లోన్‌లో (కోడ్ ప్రతిలో) లేకపోవచ్చు. కోడ్‌ను తెచ్చే చెకౌట్ యాక్షన్ డీఫాల్ట్‌గా ఒక్క కమిట్‌నే తెస్తుంది కనుక మామూలు పుష్‌లో కూడా పాత కమిట్ దొరకకపోవచ్చు. దానికి ఫెచ్ డెప్త్ సున్నా అని పెట్టి చరిత్ర మొత్తం తెప్పించుకోవాలి. ఈ సందర్భాల్లో మీ ఫంక్షన్ ‘ఫాల్స్’ అంటుందా, ‘ట్రూ’ అంటుందా, ఎర్రర్‌తో ఆగుతుందా? నా అభిప్రాయంలో ఆగాలి. తెలియనప్పుడు ‘మైగ్రేషన్ అక్కరలేదు’ అని చెప్పే కోడ్ కంటే, తెలియదని చెప్పి ఆగే కోడ్ ఎంతో మేలు.

ఆ ఫలితం జాబ్‌ల మధ్య ప్రయాణించేటప్పుడు స్ట్రింగ్‌గా మారుతుందని కూడా గుర్తుంచుకోండి. షరతులో ఆ అవుట్‌పుట్ పేరును మాత్రమే రాస్తే ‘ఫాల్స్’ అనే అయిదక్షరాల ఇంగ్లీషు పదం ఖాళీ కాని స్ట్రింగ్ కాబట్టి నిజం కింద లెక్కకు వస్తుంది, మైగ్రేషన్ ప్రతిసారీ నడుస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన ‘ట్రూ’తో పోల్చి రాస్తే ఈ చిక్కు ఉండదు.

ఇక రోల్‌బ్యాక్ షరతు. అందులో మూడు చిన్న ప్రశ్నలు ఉన్నాయి: క్యాన్సిల్ కాలేదా, డిప్లాయ్ ఫెయిలైందా, హెల్త్ చెక్ ఫెయిలైందా. విమాన సాఫ్ట్‌వేర్ కోసం 1992లో వచ్చిన డీఓ-178బీ ప్రమాణం, అత్యంత కీలకమైన లెవెల్ ఏ కోడ్‌కు ఒక నియమం పెట్టింది. షరతులోని ప్రతి చిన్న ప్రశ్నా, మిగతావి మారకుండా తాను ఒక్కటే మారితే, మొత్తం ఫలితాన్ని మార్చగలదని టెస్టులతో చూపాలి. దీన్ని ఎంసీడీసీ అంటారు. మూడు ప్రశ్నలకు ఎనిమిది కలయికలు ఉన్నా, ఈ నియమానికి నాలుగు టెస్టులు చాలు. క్యాన్సిల్ కాలేదు, డిప్లాయ్ ఫెయిల్: రోల్‌బ్యాక్ నడవాలి. క్యాన్సిల్ కాలేదు, హెల్త్ చెక్ ఫెయిల్: నడవాలి. క్యాన్సిల్ కాలేదు, ఏదీ ఫెయిల్ కాలేదు: నడవకూడదు. డిప్లాయ్ ఫెయిలైంది కానీ రన్ క్యాన్సిల్ అయింది: నడవకూడదు. ఈ నాలుగింటిలో రెండు ‘నడవకూడదు’ అనేవే. మనం సాధారణంగా రాయకుండా వదిలేసేవి అవే.

మూడవ జవాబు

నిర్ణయాన్ని ఫంక్షన్‌గా తీయమన్న సలహాను ఒప్పుకుంటాను. కానీ ఈ ప్రశ్నలో అడిగినవారిని ముంచింది నిర్ణయం కాదు, తీగలు. వాటిని పైటెస్ట్ పట్టుకోలేదు. మీ ఫంక్షన్ టెస్టులన్నీ పాసైనా ఆ రాత్రి హెల్త్ చెక్ స్కిప్ అయ్యేది. ‘సక్సెస్’ను లోపల చేర్చేది గిట్‌హబ్ కాబట్టి, తీగల పరీక్ష అక్కడే జరగాలి. యాక్ట్ అనే టూల్‌తో వర్క్‌ఫ్లోను డాకర్‌లో (విడిగా కట్టిన చిన్న వాతావరణంలో) మన కంప్యూటర్ మీదే నడపవచ్చు. జాబ్ లోపలి స్టెప్పులు రాసుకునేటప్పుడు అది ఎంతో ఉపయోగం. అయితే అది గిట్‌హబ్ ప్రవర్తనను అనుకరించే వేరే ప్రోగ్రామ్ కనుక, జాబ్‌ల మధ్య షరతుల విషయంలో తుది తీర్పు దాని దగ్గర తీసుకోకండి.

మేము చేసే పద్ధతి ఇది. వర్క్‌ఫ్లోను మరొక వర్క్‌ఫ్లో పిలవగలిగేలా రాస్తాము. దానికి ‘రిహార్సల్’ అనే ఇన్‌పుట్ ఉంటుంది. రిహార్సల్‌లో జాబ్‌ల పేర్లు, నీడ్స్, షరతులు అన్నీ అసలువే, ఒక్క అక్షరం మారదు. లోపలి పని మాత్రం జరగదు. దానికి బదులు ఒకే స్టెప్, చెప్పినట్టు సున్నాతోనో (సక్సెస్) ఒకటితోనో (ఫెయిల్) ఎగ్జిట్ అవుతుంది. అంటే ‘మార్పులు సక్సెస్, మైగ్రేషన్ అక్కరలేదు, డిప్లాయ్ సక్సెస్, హెల్త్ చెక్ ఫెయిల్’ అని చెప్పి నడిపితే, గిట్‌హబ్ నిజంగా ఏ జాబ్‌ను నడుపుతుందో, దేన్ని స్కిప్ చేస్తుందో ఒకటి రెండు నిమిషాల్లో చూడవచ్చు. రన్ ముగిశాక గిట్‌హబ్ సీఎల్ఐతో (కమాండ్ లైన్ టూల్‌తో) ఆ రన్‌లోని జాబ్‌ల ఫలితాలు జేసన్‌గా (ప్రోగ్రామ్ చదవగల రూపంలో) తెచ్చుకొని, మేము ముందే రాసుకున్న పట్టికతో పోలుస్తాము. రన్ రంగును పట్టించుకోము. స్కిప్ అయిన జాబ్‌లు ఉన్నా రన్ ఆకుపచ్చగానే ఉంటుంది. పుల్ రిక్వెస్టుకు (మార్పును కలపమని పెట్టే అభ్యర్థనకు) తప్పనిసరి అని పెట్టిన చెక్ కూడా, దాని జాబ్ షరతు వల్ల స్కిప్ అయితే సక్సెస్ కిందే లెక్క.

ఈ పట్టిక వేయడం వల్లనే, మొదటి జవాబులో ఇచ్చిన డిప్లాయ్ షరతులో ఒక కన్నం నాకు కనిపించింది. మైగ్రేషన్ సక్సెస్ లేదా స్కిప్ అయినప్పుడు, ఆపైన డిప్లాయ్ ఫెయిల్, డిప్లాయ్ సక్సెస్ హెల్త్ చెక్ సక్సెస్, డిప్లాయ్ సక్సెస్ హెల్త్ చెక్ ఫెయిల్ అని మూడేసి దారులు, వెరసి ఆరు. మైగ్రేషన్ ఫెయిలైతే అన్నీ ఆగాలి, అది ఏడు. ఎనిమిదవది, మొదటి జాబ్ అయిన ‘మార్పులు’ ఫెయిలవడం. అప్పుడు మైగ్రేషన్ స్కిప్ అవుతుంది. డిప్లాయ్ షరతు ‘స్కిప్డ్ అయినా సరే’ అంటుంది కాబట్టి, మైగ్రేషన్ కావాలో వద్దో తెలియకుండానే డిప్లాయ్ నడిచిపోతుంది! అక్కరలేక స్కిప్ అయిందా, పైన విరిగి స్కిప్ అయిందా అన్న తేడా ఆ ఒక్క మాటలో కనిపించదు. డిప్లాయ్ నీడ్స్‌లో ‘మార్పులు’ కూడా చేర్చి, దాని ఫలితం సక్సెస్ అయి ఉండాలని షరతులో రాయాలి. తెలియనప్పుడు ఎర్రర్‌తో ఆగమని రెండవ జవాబులో చెప్పారు. ఆ సలహా పాటిస్తే ఈ ఎనిమిదవ దారి తరచుగా వస్తుంది కాబట్టి దీన్ని వదిలేయకూడదు.

చివరగా ఒక కాపలా జాబ్ పెట్టండి. అన్ని జాబ్‌లనూ నీడ్స్‌లో పెట్టుకొని, ఆల్వేస్‌తో నడిచి (ఆల్వేస్ సరిగ్గా పనికొచ్చే చోటు ఇలాంటిదే), డిప్లాయ్ సక్సెస్ అయి హెల్త్ చెక్ సక్సెస్ కాకపోతే తాను ఫెయిలవ్వాలి. అది ఉండి ఉంటే, మీ హెల్త్ చెక్ స్కిప్ అయిన మొదటి రోజే రన్ ఎర్రబడేది.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఎనిమిదవ దారి నిజమే, నేను ఆలోచించలేదు. ప్రశ్న అడిగినవారు దయచేసి నా డిప్లాయ్ షరతును అలాగే వాడవద్దు, మూడవ జవాబులోని సవరణతో వాడండి.

ఒక్క విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. రిహార్సల్ ఇన్‌పుట్ అంటే ప్రొడక్షన్ వర్క్‌ఫ్లోలో మరో షరతు చేర్చడమే. అసలు విడుదలలో పొరపాటున అది ఆన్ అయితే, ఏ పనీ జరగకుండానే అన్నీ సక్సెస్ అని చూపిస్తుంది. ఆ ప్రమాదం మాటేమిటి?

మూడవ జవాబు ఇచ్చినవారు

సరైన అభ్యంతరం. మేము రెండు జాగ్రత్తలు తీసుకుంటాము. రిహార్సల్ షరతును ఏ జాబ్ మీదా పెట్టము, జాబ్ లోపలి స్టెప్పుల మీదే పెడతాము. అందువల్ల పరీక్షించే తీగలూ, నిజంగా నడిచే తీగలూ ఒక్కటే. రెండవది, మెయిన్ బ్రాంచ్‌కు పుష్ అయినప్పుడు నడిచే ఫైలులో ఆ ఇన్‌పుట్‌ను అసలు రాయము. పిలవబడే వర్క్‌ఫ్లోలో దాని డీఫాల్ట్ ‘ఫాల్స్’. ఆన్ చేసేది రిహార్సల్ కోసం విడిగా రాసిన ఫైలు ఒక్కటే, దానికి ప్రొడక్షన్ సీక్రెట్స్ (అసలు సర్వర్ల పాస్‌వర్డ్‌లు, కీలు) అందవు. స్టెప్ మీద షరతు పొరపాటున తిరగబడినా, ఆ ఫైలు చేతికి ప్రొడక్షన్ తాళం లేదు.

నాలుగవ జవాబు

నేను డేటా పైప్‌లైన్ల పని చేస్తాను, గిట్‌హబ్ యాక్షన్స్ వాడకం తక్కువ. అపాచీ ఎయిర్‌ఫ్లో (డేటా పనులను వరుసగా నడిపే టూల్) వాడేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే పనికివస్తుందని రాస్తున్నాను. అక్కడా ఇదే గొయ్యి ఉంది. బ్రాంచ్ ఆపరేటర్ రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకుంటే రెండవది స్కిప్ అవుతుంది. రెండూ మళ్లీ కలిసే చోట ఉన్న టాస్క్‌కు డీఫాల్ట్ ట్రిగ్గర్ రూల్ (ఎప్పుడు నడవాలో చెప్పే నియమం) ‘ఆల్ సక్సెస్’, అంటే ముందున్నవన్నీ సక్సెస్ కావాలి. కాబట్టి ఏ దారిన వచ్చినా ఆ కలిసే టాస్క్ స్కిప్ అవుతుంది. దానికి ‘నన్ ఫెయిల్డ్ మిన్ వన్ సక్సెస్’ అనే రూల్ పెట్టాలి, అంటే ఏదీ ఫెయిల్ కాకూడదు, ఒక్కటైనా సక్సెస్ కావాలి. వెర్షన్ 2.5 నుంచి డ్యాగ్‌ను (టాస్క్‌ల మొత్తం క్రమాన్ని) ఒకే ప్రాసెస్‌లో నడిపే టెస్ట్ మెథడ్ ఉంది. దానితో నడిపి, ప్రతి టాస్క్ చివరి స్థితిని పట్టికతో పోల్చవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పది రోజుల తరువాత రాస్తున్నాను.

పాత రన్‌లు తెరిచి చూశాము. మొదటి జవాబులో ఊహించినట్టే, మేము ఆల్వేస్ పెట్టిన రోజు నుంచి మైగ్రేషన్ లేని ఏ విడుదలలోనూ హెల్త్ చెక్ నడవలేదు. ఇన్ని నెలలూ గాలిలో దీపం పెట్టి కూర్చున్నామన్నమాట.

నిర్ణయాన్ని పైథాన్ ఫంక్షన్‌గా తీశాము. నలభై సున్నాల టెస్ట్ రాయగానే ఫెయిలైంది. మా పాత షెల్ స్క్రిప్ట్ డిఫ్ ఎర్రర్‌ను మింగేసి ‘ఫాల్స్’ అని చెబుతుండేది. ఇప్పుడు అది ఆగి, కారణం రాస్తుంది.

రిహార్సల్ ఫైలు రాసి ఎనిమిది దారులూ నడిపాము. హెల్త్ చెక్ ఫెయిలైన దారులలో రోల్‌బ్యాక్ నడవడం చూసి మా బృందంలో అందరికీ ప్రాణం లేచివచ్చింది. కానీ అన్నీ సక్సెస్ అయిన దారిలో కూడా రోల్‌బ్యాక్ నడిచింది! ఆశ్చర్యార్థకం కోసం కర్లీ బ్రాకెట్లు పెట్టమన్నారు కదా, నేను ‘క్యాన్సిల్ కాలేదు’ అన్నంత వరకే బ్రాకెట్లలో పెట్టి, మిగతా షరతును వాటి బయట రాశాను. అలా రాస్తే మొత్తం వరుస ఒక స్ట్రింగ్ అయిపోతుందని, ఖాళీ కాని స్ట్రింగ్ కనుక ఎప్పుడూ నిజమే అవుతుందని తరువాత అర్థమైంది. ‘నడవకూడదు’ అన్న వరుస పట్టికలో లేకపోతే ఈ మార్పును నేను ఆనందంగా మెర్జ్ చేసి, మరునాటి మంచి విడుదలను నా చేత్తోనే వెనక్కి తిప్పి ఉండేవాణ్ణి. షరతు మొత్తాన్ని బ్రాకెట్ల లోపలికి తెచ్చాక ఎనిమిది వరుసలూ పట్టికతో సరిపోయాయి. యాక్షన్‌లింట్ అనే టూల్ ఈ తప్పును ఫైలు చదివే పట్టేస్తుందని మా సహోద్యోగి చూపించారు. దాన్ని కూడా ప్రతి పుల్ రిక్వెస్టు మీద నడుపుతున్నాము.

ఒక్క వరుస మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. డిప్లాయ్ సగంలో ఉండగా ఎవరైనా రన్‌ను క్యాన్సిల్ చేస్తే ఏం జరగాలి? ఇప్పటి షరతు ప్రకారం ఏమీ జరగదు, సర్వర్లలో సగం కొత్త వెర్షన్‌తో, సగం పాత వెర్షన్‌తో మిగులుతాయి. క్యాన్సిల్ చేసిన మనిషి దగ్గరే ఉంటారు కాబట్టి వారికే వదిలేయాలని మాలో కొందరి వాదన. రోల్‌బ్యాక్ నడవాలని నా వాదన. మీ బృందాల్లో ఎలా నిర్ణయించారు?

మూడవ జవాబు ఇచ్చినవారు

మేము డిప్లాయ్ మొదలయ్యాక క్యాన్సిల్ అయితే రోల్‌బ్యాక్ నడిపిస్తాము. డిప్లాయ్ ఫలితం ‘క్యాన్సిల్డ్’ అయిన సందర్భాన్ని రోల్‌బ్యాక్ షరతులో విడిగా రాసి, ఆ జాబ్‌కు మాత్రం ‘క్యాన్సిల్ కాలేదు’ తీసేసి ఆల్వేస్ పెట్టాము. అయితే డిప్లాయ్ ఇంకా మొదలుకాకముందే క్యాన్సిల్ చేసినప్పుడు ఆ జాబ్ ఏ ఫలితంతో ముగుస్తుందో, రోల్‌బ్యాక్ నడుస్తుందో లేదో మీ రిహార్సల్‌లో చేత్తో క్యాన్సిల్ చేసి ఒకసారి చూసుకోండి. పట్టికలో దానికీ ఒక వరుస కావాలి.

ప్రశ్న అడిగినవారు

ఈరోజే చేస్తాను. ఆ రెండు వరుసల ఫలితం ఇక్కడే రాస్తాను.